ముప్పైకి పదకొండు

ఉద్యోగం దరఖాస్తులో తెలుగుకి ఎదురుగా మూడు గళ్ళున్నాయి. మాట్లాడగలను, చదవగలను, రాయగలను. భాగ్యరేఖ మూడింటిలోనూ టిక్కు పెట్టింది. నిజానికి ఆమెకి తెలుగు చదవడం రాదు, రాయడం అంతకన్నా రాదు. మాట్లాడడం అంటే ఇంట్లో నాన్న తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్పడమే.

ఆమె తండ్రి జోగయ్య బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి భిలాయ్ వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలో పట్టాలు చేసే రైల్ మిల్లులో ముప్పైమూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. అక్కడే కోహ్కాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. భాగ్యరేఖ ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే నోరు ఒక్కటే మిగిలింది. బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి రెండేళ్ళు ఖాళీగా కూర్చున్న పిల్లకి ఇరవయ్యారో ఏట ఈ ఉద్యోగం కనపడింది. ఇంటర్వ్యూ చేసిన నలుగురిలో తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కొద్దిగా తెలుగులో మాట్లాడమన్నారు. ఆమె తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పింది. వాళ్ళు తలలూపారు.

అది ముసలివాళ్ళ మతిమరుపు మీద పరిశోధన. రాయపూర్ నుంచి వచ్చిన డాక్టర్ల బృందం దుర్గ్, భిలాయ్‌లలో అరవై దాటినవాళ్ళని ఇంటింటికీ వెళ్ళి పరీక్షిస్తోంది. అల్జైమర్స్ జబ్బు ఉందో లేదో చెప్పాలంటే ఇదివరకు మెదడుకి ఖరీదైన స్కానులు తీయాల్సి వచ్చేది. ఇప్పుడు కాస్త రక్తం తీసి అందులో ఒక ప్రోటీన్ ఎంత ఉందో చూస్తే చాలునని ఎక్కడెక్కడి పరిశోధకులో రాస్తున్నారు. అది ఇక్కడి మనుషులకి, కొలిమి వేడిలో, మిల్లు మోతలో బతికిన కుటుంబాలకి సరిపోతుందా అని చూడడం వీళ్ళ పని. రక్తంలో వచ్చిన లెక్కని జ్ఞాపకశక్తి ప్రశ్నలకి వచ్చిన మార్కులతో పోల్చాలి. ప్రశ్నలు ముప్పై. హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో ముద్రించారు. తెలుగువాళ్ళ ఇళ్ళు భాగ్యరేఖకి అప్పగించారు.

తెలుగు ప్రశ్నల కాగితాన్ని ఎవరో పెద్ద చదువుల భాషలో తయారుచేశారు. భాగ్యరేఖ ఫోన్ చేత దాన్ని చదివించుకుని, ప్రతి వరుస పైనా హిందీ అక్షరాల్లో రాసుకుని, రెండు వారాలు బట్టీ పట్టింది. మొదటి నాలుగైదు ఇళ్ళలో వరుస తప్పిపోయి వెతుక్కుంది. తర్వాత అలవాటైంది. ప్రశ్న గడగడా చదవడం, వచ్చిన జవాబు కాగితం మీది జవాబులా వినపడితే ఒకటి, లేకపోతే సున్నా. అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని అడగవచ్చు. శిక్షణలో ఆ మాట రెండుసార్లు చెప్పారు కూడా. కానీ అడిగితే తనకి అర్థం కాలేదని ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని అడిగేది కాదు.

జులై మూడో వారంలో, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ బస్తీలో నూకమ్మ ఇంటికి వెళ్ళింది.

నూకమ్మకి డెబ్బై ఒకటి. భర్త పోయి పదేళ్ళయింది. కొడుకు చక్రి చరోదా రైల్వే యార్డులో షిఫ్టుల్లో పనిచేస్తాడు. కోడలు ప్రసూన బ్యూటీ పార్లర్‌కి వెళుతుంది. నూకమ్మ పని పసిపిల్లలకి నీళ్ళు పోయడం. ఖుర్సీపార్‌లో తెలుగువాళ్ళ ఇంట బిడ్డ పుడితే పదకొండో రోజు నుంచి మూడు నెలలు నిండేదాకా పొద్దున్నే ఆవిడ వెళ్ళాలి. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి చేతిలో పెట్టి వచ్చేది. ముప్పై ఏళ్ళుగా అదే. భాగ్యరేఖ వెళ్ళేసరికి ఆవిడ అప్పుడే ఒక ఇంటి నుంచి తిరిగివచ్చి, తడి చీర చెంగు పిండుకుంటోంది.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, భాగ్యరేఖ మొదలుపెట్టింది. ఈ రోజు ఏ వారమని అడిగింది. లచ్చింవారం అంది నూకమ్మ. భాగ్యరేఖకి లక్ష్మి అన్న మాట మాత్రం తెలిసింది. ఏదో పూజ సంగతి చెబుతోందనుకుని సున్నా వేసింది. ఇప్పుడు ఏ మాసమని అడిగింది. ఆసాడం అంది. బయట శివాలయం మైకులో సావన్ నెల పాటలు మోగుతున్నాయి. సావన్ వచ్చి వారమైంది, ఈవిడ ఇంకా వెనక నెలలోనే ఉంది అనుకుని మళ్ళీ సున్నా వేసింది. ఇది ఏ ఋతువు అంటే నూకమ్మ ఆ మాట తనకి తెలియదంది. మామిడి, కుర్చీ, నాణెం అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపాగి అడిగితే ఆవిడ మావిడికాయ, కుర్సీ, బిళ్ళ అంది. బిళ్ళ అన్నది కాగితంలో లేదు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే నాలుగో పేరు దగ్గరే తప్పు వచ్చింది. తప్పు వస్తే అక్కడ ఆపేయాలన్నది నియమం. భాగ్యరేఖ ఆపేసి తర్వాతి ప్రశ్న చదివేసింది.

మధ్యలో నూకమ్మ ఒకసారి ఆమె ముఖంలోకి పరకాయించి చూసి, మీది ఏ ఊరు తల్లీ అని అడిగింది. భాగ్యరేఖ కోహ్కా అని చెప్పి ముందుకి పోయింది. అంతా కూడితే ముప్పైకి పదకొండు. శిక్షణలో విన్నట్టే రోజూ నెలా కలగలిసిపోయిన మనిషి తనకి దొరికిందనుకుంది. అందులో కొంచెం సంతోషం కూడా ఉంది.

ఆమె చెప్పులు వేసుకుంటుండగా ప్రసూన గుమ్మం దగ్గరికి వచ్చింది. పరీక్ష ఎలా అయిందని హిందీలో, గొంతు తగ్గించి అడిగింది. మార్కులు ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదు. తక్కువ వచ్చినవాళ్ళని, రక్తం ఫలితాలు కూడా వచ్చాక, డాక్టర్ స్వయంగా మళ్ళీ చూశాకే ఏదైనా చెప్పాలి. ఆ సంగతి భాగ్యరేఖకి బాగా తెలుసు. కానీ ప్రసూన ఆమెని మేడమ్ అంది. ఆ ఇంట్లో అప్పటిదాకా తెలుగు కోసం తడుముకున్న మనిషికి హిందీలో ఎవరో గౌరవంగా అడిగేసరికి ప్రాణం లేచి వచ్చింది. పదకొండే వచ్చాయని చెప్పింది. చెప్పి ఊరుకుంటే ఎలా ఉండేదో, ఊరుకోలేదు. "పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. పసిపిల్లల్ని చేతికి ఇవ్వకపోతే మంచిది" అని సలహా కూడా ఇచ్చింది.

ప్రసూన చెడ్డ మనిషి కాదు. భయపడింది. అప్పుడు నూకమ్మ నీళ్ళు పోస్తున్న బిడ్డ పక్క సందులో అరుణజ్యోతిది, ఇరవై రోజుల ఆడపిల్ల. ఏమైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అనుకుని ప్రసూన ఆ సాయంత్రమే వెళ్ళి సంగతి చెప్పింది. మర్నాడు అరుణజ్యోతి ఇంట్లో బిడ్డకి జలుబన్నారు. ఆ మర్నాడు కూడా జలుబే అన్నారు.

ఇదంతా భాగ్యరేఖకి తెలియదు. ఆమె వేరే ఇళ్ళలో ప్రశ్నలు చదువుతోంది. అక్టోబరు చివరికి నలభై ఆరు ఇళ్ళు పూర్తిచేసింది.

నవంబరులో రక్తం ఫలితాలు వచ్చాయి. బృందానికి పెద్ద డాక్టర్ ఇంద్రాణి. దుర్గ్‌లో పుట్టి పెరిగిన బెంగాలీ ఆవిడ, గట్టిగా మాట్లాడదు, ఎవర్నీ కసరదు. ఆ రోజు మాత్రం ఉత్సాహంగా భాగ్యరేఖని గదిలోకి పిలిచి కంప్యూటర్ తెర తిప్పి చూపించింది. తెలుగువాళ్ళు నలభై ఆరుగురిలో ఇరవై తొమ్మిది మందికి మార్కులు బాగా తక్కువ. హిందీవాళ్ళలో ఆరుగురికి ఒకరు కూడా అలా లేరు. చిత్రమేమిటంటే ఈ ఇరవై తొమ్మిది మందిలో ఇరవై అయిదుగురికి రక్తం మామూలుగా ఉంది. అంటే ఇది అల్జైమర్స్ కాదు. మరింకేదో వీళ్ళ జ్ఞాపకాన్ని తినేస్తోంది. వేడా, మోతా, వలస వచ్చిన కొత్తలో తిన్న తిండా? ఎవరూ ఇంతవరకు చూడని విషయం కావచ్చునంది డాక్టర్. ఫిబ్రవరిలో పెద్ద సమావేశానికి పంపే వ్యాసంలో భాగ్యరేఖ పేరు కూడా వేస్తానంది. దానికి ఆధారంగా అయిదు రికార్డింగులు మాట మాటా హిందీలో రాసి ఇమ్మంది.

భాగ్యరేఖ ఇంటికి వచ్చి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదట నూకమ్మ రికార్డింగే తీసింది.

ముందు తన గొంతు వినపడింది. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఎక్కడ ఆగాలో తెలియక మాటల మధ్యలో విరిగిపోతున్న తెలుగు. ప్రశ్న ఎక్కడ పూర్తయిందో ఆమెకే తెలియలేదు. నూకమ్మ గొంతు ఆలోచిస్తూ, ఓపికగా ఉంది. వారాలు వెనక నుంచి చెప్పే చోటు వచ్చింది. "ఆదారం, శనివారం, సుక్కురారం, లచ్చింవారం..." అక్కడ తన గొంతు అడ్డం వచ్చి తర్వాతి ప్రశ్న చదవడం మొదలుపెట్టింది. కానీ నూకమ్మ ఆగలేదు. ఆ గొంతు వెనకాల, చిన్నగా, చెప్పాల్సింది పూర్తిచేయాలన్నట్టు, "బుదారం, మంగళారం, సోమారం" అంటోంది.

శుక్రవారానికీ బుధవారానికీ మధ్య ఉండేది ఒకటే రోజు. భాగ్యరేఖ ఇయర్‌ఫోన్లు తీసేసింది. కాసేపాగి మళ్ళీ పెట్టుకుని అయిదారుసార్లు అదే విన్నది. పరీక్ష జరిగిన తేదీ చూసింది. గురువారమే.

జోగయ్య ముందు గదిలో భోజనం చేసి టీవీ చూస్తున్నాడు. ఆమె వెళ్ళి, లచ్చింవారం అంటే ఏమిటని అడిగింది.

"లక్ష్మివారవే. గురువారం. మన పక్క అలాగే అంటారు" అన్నాడు. "మీ అమ్మ ఆ రోజు గడపకి పసుపు రాసీది. నీకు గురుతు నేదేటి?"

ఆమె ఆషాఢం సంగతి అడిగింది. జోగయ్య టీవీ గొంతు తగ్గించాడు. ఇక్కడివాళ్ళకి పున్నమి దాటగానే సావన్ మొదలవుతుందనీ, మనవాళ్ళకి అమావాస్య దాటితే గానీ శ్రావణం రాదనీ, ఆ పదిహేను రోజులూ వాళ్ళ లెక్క వేరు మన లెక్క వేరనీ వేళ్ళు మడిచి చూపించాడు. బిళ్ళ అంటే రూపాయి బిళ్ళ అన్నాడు. ఋతువు అని ఎవరూ అడగరనీ, ఎండాకాలమా వానాకాలమా అని అడిగితే పసిపిల్ల కూడా చెబుతుందనీ అన్నాడు. కూతురు ఇన్నాళ్ళకి కూర్చుని తెలుగు అడుగుతోందని ఆయన ముఖం వెలిగిపోయింది. అడగనివి కూడా చెప్పాడు. ఎందుకని అడిగితే ఆఫీసు పని అని చెప్పింది. ఆ ముఖం వంక చూడలేక కాగితాల్లోకి చూస్తూ కూర్చుంది.

లోపలికి వచ్చి నూకమ్మ కాగితం మళ్ళీ దిద్దింది. ముప్పైకి ఇరవై ఆరు వచ్చాయి.

అప్పుడైనా డాక్టర్ దగ్గరికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు. మూడు రోజులు గడిపింది. అంతకన్నా పాడు పని ఒకటి చేసింది. లచ్చింవారం అన్న చోట "స్పష్టంగా లేదు" అని హిందీలో టైపు చేసి, ఆ ఒక్క రికార్డింగు కాగితం డాక్టర్‌కి పంపేసింది. బాగా చేశావని డాక్టర్ జవాబు రాసింది. అంతకు ముందు చేసినదానికి తెలుగు రాకపోవడం అన్న సాకు ఉంది. ఇది తెలిసి చేసింది.

ఆదివారం పొద్దున్న ఖుర్సీపార్ వెళ్ళింది. క్షమించమని అడగాలనే వెళ్ళింది. నూకమ్మ అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది. చక్రి అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, యూనిఫారం కూడా విప్పలేదు. భాగ్యరేఖని చూసి లేచి, కుర్చీ వేసి, టీ పెట్టాడు. వాళ్ళమ్మ సంగతి ముందే చెప్పి మేలు చేశారని దండం పెట్టినంత పని చేశాడు. ఇప్పుడు ఏ ఇంటికీ పంపడం లేదట. గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వడం లేదట. నీళ్ళు పోసే పీట కనపడితే బాధపడుతోందని అటక మీద పడేశాడట.

"మీరు చెప్పబట్టి సరిపోయింది దీదీ. లేకపోతే మాకెలా తెలుస్తుంది" అన్నాడు.

అతను స్నానానికి వెళ్ళాక నూకమ్మ ఆమెని దగ్గరగా రమ్మంది. ఎవరికీ చెప్పవద్దన్నట్టు గొంతు తగ్గించింది.

"నిజంగానే మరిసిపోతన్నానేటో అని రోజూ పొద్దున్నే పిల్లల పేర్లు లెక్కెట్టుకుంటన్నాను తల్లీ. నాను నీల్లు పోసిన పిల్లలు. ఒక వరసలో సెప్పుకుంటాను. నిన్నొక పేరు రానేదు. మద్దేన్నం దాకా రానేదు. ఆ రోగమేనా ఇది?"

కాదని చెప్పాల్సిన చోటు అదే. ఒక్క మాట. భాగ్యరేఖ నోరు తెరిచింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది, చక్రి వచ్చేస్తాడు, దండం పెట్టబోయిన ఆ చేతులు ఏమవుతాయో అనిపించింది. ఆరోగ్యం ఎలా ఉందో చూసి పోదామని వచ్చానని చెప్పి, టీ సగంలో వదిలేసి వచ్చేసింది.

సోమవారం ఆఫీసు తెరవగానే డాక్టర్ ఇంద్రాణి గదిలోకి వెళ్ళి నిలబడే అంతా చెప్పింది. దరఖాస్తులో పెట్టిన టిక్కుల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. హిందీ అక్షరాల్లో రాసుకున్న ప్రశ్నలు, అర్థం కానివాటికి వేసిన సున్నాలు, "స్పష్టంగా లేదు" అని రాసిన మాట. డాక్టర్ అడ్డు రాకుండా విన్నది. ఆవిడ మనసులో ఆ ఇరవై తొమ్మిది మంది ఒక్కొక్కరే చెరిగిపోవడం ముఖంలో కనపడింది. చివర్న, ప్రసూనకి మార్కులు చెప్పిన సంగతీ, పిల్లల్ని చేతికివ్వవద్దని చెప్పిన సంగతీ వచ్చేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"భాష రాకపోవడం నాతో చెప్పలేదు. అది ఒక తప్పు. కానీ ఆ ఇంటి గుమ్మంలో నువ్వు ఆ మాట ఎందుకు చెప్పావు?" అని అడిగింది. ప్రసూన తనని మేడమ్ అన్నదని చెప్పడానికి భాగ్యరేఖకి నోరు రాలేదు.

డాక్టర్ కేకలు వేయలేదు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాయాలంది, ఆ మధ్యాహ్నమే రాసింది. అందులో భాగ్యరేఖ తప్పుతో పాటు, తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకుండా ఆమెని ఎంపిక చేయడం, నాలుగు నెలలు ఒక్క రికార్డింగైనా తెలుగు వచ్చినవాళ్ళెవరికీ వినిపించకపోవడం తన తప్పులని కూడా రాసింది. నలభై ఆరు ఇళ్ళ మార్కులూ కొట్టేశారు. ఫిబ్రవరి సమావేశానికి వ్యాసం వెళ్ళలేదు. భాగ్యరేఖ ఇక ఎవరినీ ప్రశ్నలు అడగకూడదు. మార్చి దాకా, పాత రికార్డింగులు సరిగ్గా రాయించే పనిలో ఉండవచ్చునన్నారు. ఆ తర్వాత ఉద్యోగం లేదు.

ప్రశ్నలు తిరగరాయడానికి రజనీకుమారి అనే రిటైర్డ్ తెలుగు టీచరు వచ్చింది. శ్రీకాకుళం ఆవిడ. గురువారం పక్కన లక్ష్మివారం అని, నాణెం పక్కన బిళ్ళ అని రాసుకుంటూ పోయింది. ఒక్కొక్క రికార్డింగు వింటూ మధ్యమధ్య ఆపి, "సరిగ్గానే చెప్పాడు కదమ్మా ఈ ముసలాయన" అనేది. నిందగా అనేది కాదు. ఆ మాట పక్కన కూర్చుని రాసుకోవడం భాగ్యరేఖ పని. ఇరవై తొమ్మిది మందిలో ఇరవై ముగ్గురి దగ్గర ఆ మాట వచ్చింది.

డిసెంబరులో నూకమ్మని మళ్ళీ పరీక్షించే రోజు తానూ వస్తానని భాగ్యరేఖ అడిగింది. డాక్టర్ కొంచెం ఆలోచించి సరేనంది. చక్రీ ప్రసూనా కూడా ఇంట్లో ఉండేలా చూసుకున్నారు. డాక్టర్ హిందీలో సంగతి చెప్పబోతుంటే, తనే చెబుతానని భాగ్యరేఖ ముందుకి వచ్చింది. నూకమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని తెలుగులో మొదలుపెట్టింది. రెండు వాక్యాలకే మాటలు అయిపోయాయి. మిగిలినది హిందీలో చెప్పింది. నూకమ్మకి హిందీ బాగానే వచ్చు. మీరు చెప్పినవి సరైన జవాబులే, నాకే తెలియలేదు, మీకు ఏ జబ్బూ లేదు, రక్తంలో కూడా లేదు అని చెప్పింది. చక్రి నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. ప్రసూన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నూకమ్మకి కోపం రాలేదు. వస్తే తేలికగా ఉండేది.

"మరి ఆ రోజే మల్లీ అడగనేకపోయావా తల్లీ? నాను మల్లీ సెప్పీదాన్ని కదా" అంది.

అడిగితే నాకు తెలుగు రాదని మీకు తెలిసిపోతుందని అడగలేదని భాగ్యరేఖ తల దించుకునే చెప్పింది.

"నీకు రాదని నాకు అప్పుడే తెలిసినాది" అంది నూకమ్మ. "నువ్వు సదవతంటే ఇంటన్నాను కదా. మీది ఏ ఊరని అందుకే అడిగినాను. పోనీ, ఆడపిల్ల, ఉజ్జోగం సేసుకుంటన్నాది, నాను తప్పు పడితే ఆ పిల్లకి ఏటవుతాదో అని ఊరుకున్నాను."

భాగ్యరేఖకి కన్నీళ్ళు కూడా రాలేదు. అయిదు నెలలుగా తాను దాచుకున్నదాన్ని ఆ మనిషి మొదటి పది నిమిషాల్లోనే చూసి, దాచిపెట్టింది. దానికి బదులుగా తాను ఇచ్చింది గుమ్మంలో అన్న ఆ మాట, అటక ఎక్కిన ఆ పీట.

పరీక్ష రజనీకుమారి చేసింది. భాగ్యరేఖ గోడ వారగా కూర్చుంది. నూకమ్మ అన్నిటికీ దాదాపు సరిగ్గానే చెప్పింది. కానీ ప్రతి జవాబుకి ముందూ ఒకసారి కొడుకు ముఖం వైపు చూసింది. తప్పు చెబుతానేమో అన్నట్టు ఆగి, అతని ముఖంలో ఏమీ కనపడకపోతే అప్పుడు చెప్పింది. జులై రికార్డింగులో ఆ ఆగడం లేదు. భాగ్యరేఖ ఆ రికార్డింగు ఎన్నిసార్లో విన్నది గనక ఆమెకి తెలుసు. ఈసారి ఇరవై అయిదు వచ్చాయి. బాగుంది, చాలా బాగుంది అని డాక్టర్ అంది.

ఆ మర్నాడు భాగ్యరేఖ ఒంటరిగా ఆ సందుల్లో తిరిగింది. నూకమ్మని మానిపించిన ఇళ్ళు నాలుగున్నాయని ప్రసూన చెప్పింది. తప్పు తనదనీ, ఆవిడకి మతి బాగానే ఉందనీ చెప్పడానికి నాలుగు ఇళ్ళకీ వెళ్ళింది. ఒక ఇంట్లో అత్తగారు ముందే అనుకున్నానంది. రెండో ఇంట్లో, డాక్టర్లే ఒకసారి ఒకటి ఇంకోసారి ఇంకొకటి చెబితే ఎవరిని నమ్మాలని అడిగి తలుపు దగ్గరకి వేసుకున్నారు. మూడో ఇంట్లో వాళ్ళు లేరు.

నాలుగో ఇంట్లో అరుణజ్యోతి బిడ్డని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. అయిదో నెల నిండి బోర్లా పడుతున్న పిల్ల. భాగ్యరేఖ చెప్పినదంతా విన్నది.

"ఇప్పుడు నేనే పోసేస్తున్నాను. మూడు నెలలు దాటిపోయాయి కదా" అంది. బిడ్డని భుజం మార్చుకుని, "ఆవిడ రెండు రోజులు వచ్చి ఈ గుమ్మం ముందే నిలబడింది. జలుబని చెప్పాను. మూడో రోజు రాలేదు. నేను మళ్ళీ వెళ్ళి చూడలేదు" అంది. ఆమె కూడా సిగ్గుపడుతోందని భాగ్యరేఖకి అప్పుడు తెలిసింది. ఆ సిగ్గు కూడా తాను తెచ్చిపెట్టినదే.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రసూన ఫోన్ చేసింది. రెండు సందుల అవతల కొత్తగా వచ్చిన రైల్వే వాళ్ళ ఇంట్లో మగపిల్లాడు పుట్టాడనీ, వాళ్ళు నూకమ్మని పిలిపించుకున్నారనీ చెప్పింది. భాగ్యరేఖ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"వెళుతోంది దీదీ. కానీ ఒక్కతే వెళ్ళదు" అంది ప్రసూన. "రోజూ నన్ను తీసుకెళుతుంది. పక్కన కూర్చోమంటుంది. నీళ్ళు కాగాయా నువ్వు చూడు, నూనె ఎంత తీశానో నువ్వు చూడు అంటుంది. ఇదివరకు ఎప్పుడూ ఎవర్నీ దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. పార్లర్‌కి ఆలస్యంగా వస్తానని చెప్పుకున్నాను."

భాగ్యరేఖ సరే అంది. ప్రసూనే ఫోన్ పెట్టేసింది.

ముందు గదిలోంచి జోగయ్య ఎవరని అడిగాడు. ఉద్యోగం మార్చితో అయిపోతుందని మాత్రమే ఆమె అప్పటిదాకా ఆయనకి చెప్పింది. ఎందుకో చెప్పలేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, వచ్చినంత తెలుగులో, రానిచోట హిందీలో మొత్తం చెప్పింది. లక్ష్మివారం గురించి ఆ రోజు ఎందుకు అడిగిందో కూడా చెప్పింది. అప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిందో గుర్తొచ్చి, ఆ ఒక్క మాట మాత్రం గోడ వంక చూస్తూ చెప్పింది.

జోగయ్య అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడమని తాను ఎప్పుడూ గట్టిగా చెప్పలేదని, హిందీ వస్తే చాలు బతికేస్తుందనుకున్నానని ఆఖరికి అన్నాడు. భాగ్యరేఖ అది నీ తప్పు కాదంది.

"ఆ నూకమ్మగారిది ఏ ఊరు?" అని అడిగాడు.

భాగ్యరేఖకి తెలియదు. పుట్టిన ఊరన్న చోట ఫారంలో ఆంధ్ర అని మాత్రం రాసుకుంది. ఆవిడ ఈమె ఊరు అడిగింది గానీ, ఈమె ఆవిడ ఊరు ఇంతవరకు అడగలేదు.